డాక్యుమెంటరీ స్క్రిప్టు రాయడం: విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్, విజువల్ కమ్యూనికేషన్ చదివేవాళ్లకు ప్రాజెక్టు ఫిల్మ్ దగ్గరకొచ్చేసరికి ఏటా ఇవే సందేహాలు వస్తుంటాయి. పది నిమిషాల ఫిల్మ్, ముగ్గురు నలుగురు స్నేహితుల బృందం, ఒక కెమెరా లేదా మంచి ఫోన్ ఉన్నాయనుకుని ఈ జవాబులు రాశాం. ఉదాహరణలు ఎక్కువగా కొండపల్లి బొమ్మల నుంచి తీసుకున్నాం. చేత్తో చేసే పనిలో ప్రతి దశా కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది కాబట్టి స్క్రిప్టు నేర్చుకోవడానికి అది బాగా పనికొస్తుంది. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## విషయం ఎంచుకునేటప్పుడు

"కొండపల్లి బొమ్మల మీద తీస్తాను" అంటే మా మేడమ్ "ఇది విషయం, కథ కాదు" అన్నారు. తేడా ఏమిటి?

కొండపల్లి బొమ్మల గురించి పది పుస్తకాలు రాయొచ్చు. పది నిమిషాల ఫిల్మ్‌కి మాత్రం ఒక మనిషి, ఆ మనిషికి కావలసింది, దానికి అడ్డొచ్చేది ఉండాలి. ఈ బొమ్మలు తెల్లపొణికి కర్రతో చేస్తారు. తేలికగా, మెత్తగా ఉండి ఉలికి లొంగే కర్ర అది. చుట్టుపక్కల అడవుల్లో ఆ చెట్టు తగ్గిపోతూ వస్తోంది. "సంక్రాంతి బొమ్మల కొలువుకి ఆర్డరు తీసుకున్న కుటుంబం కర్ర ఎలా సంపాదించుకుంటుంది?" అని అడిగితే అక్కడ కథ మొదలవుతుంది.

ఈ వాక్యంలో ఖాళీలు నింపి చూడండి: "ఫలానా మనిషి ఫలానా పని కోసం ప్రయత్నిస్తుంటే ఫలానాది అడ్డొస్తోంది." మూడో ఖాళీ నిండకపోతే మీ చేతిలో ఉన్నది సమాచారం మాత్రమే. అలాంటప్పుడు "ఒక బొమ్మ మొదటి నుంచి చివరిదాకా ఎలా తయారవుతుంది" అన్న క్రమాన్నే వెన్నెముకగా పెట్టుకోండి. అదీ మంచి ఫిల్మే అవుతుంది.

పది నిమిషాల్లో ఎంత పడుతుంది?

ఒక ఊరు, ఒక ముఖ్యమైన మనిషి, మహా అయితే మరో రెండు గొంతులు, ఆరేడు సీక్వెన్సులు (ఒకే పని చుట్టూ నడిచే షాట్ల వరసలు). ఒక్కో సీక్వెన్సు నిమిషం నుంచి నిమిషంన్నర. చరిత్ర, తయారీ, మార్కెట్టు, ప్రభుత్వ పథకాలు, కొత్త తరం, ఆన్‌లైన్ అమ్మకాలు అన్నీ పెట్టాలని చూస్తే ఒక్కోదానికి నూరు సెకన్లు వస్తాయి. చూసినవాడికి ఏదీ గుర్తుండదు. విద్యార్థుల ఫిల్ములు చప్పగా తయారవడానికి పెద్ద కారణం ఈ అత్యాశే.

మా ఊళ్లో చెప్పుకోదగ్గ విషయమేమీ లేదు. దూరం వెళ్లి తీయాలా?

అక్కర్లేదు. పదిసార్లు వెళ్లగలిగిన చోటే మంచి చోటు. తెల్లవారుజామున రైతు బజారుకి కూరగాయల మూటలు దిగడం, ఇస్త్రీ బండి దగ్గర ఒక రోజు, చెరువు తూము తీసే మనిషి చాలు. దూరపు ఊరికి ఒక్కసారి వెళ్లి తెచ్చుకున్న ఫుటేజ్‌లో మనుషులు కెమెరాకి అలవాటు పడకముందే మీ బస్సు వచ్చేస్తుంది.

## పరిశోధన చేసేటప్పుడు

మొదటిసారి వెళ్లినప్పుడు ఏం రాసుకోవాలి?

కెమెరా తీసుకెళ్లకండి. నోటు పుస్తకం చాలు. పని ఏ వరసలో జరుగుతుందో, ఒక్కో దశ ఎవరు చేస్తారో, ఎక్కడ కూర్చుంటారో, ఎంతసేపు పడుతుందో, ఏం చప్పుడు వస్తుందో రాసుకోండి. కొండపల్లిలో అయితే కర్రలో తేమ పోయేలా సన్నని సెగ మీద ఆరబెట్టడం, ఒంటి భాగం చెక్కడం, చేతులూ తొండాలూ లాంటివి విడిగా చెక్కడం, వాటిని మక్కుతో అతకడం, సున్నం పూయడం, చివర రంగులు వేయడం. మక్కు అంటే చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసే ముద్ద.

ఇవన్నీ ఒకే రోజు జరగవు. ఒకే రోజు షూటింగ్ పెట్టుకుని వెళ్తే రంగులు వేయడం మాత్రమే దొరకొచ్చు. అప్పుడు స్క్రిప్టులో చెక్కడం గురించి రాసిందంతా దృశ్యం లేని మాటలవుతుంది.

వెలుతురు, చప్పుడు కూడా రాసుకోండి: గదిలోకి ఎండ ఎన్ని గంటలకు వస్తుంది, పక్కన గుడి మైకు ఎప్పుడు మోగుతుంది, లారీల రోడ్డు ఎంత దూరం, కరెంటు ఎప్పుడు పోతుంది. ఇంటర్వ్యూ సమయం వీటిని బట్టి పెట్టుకోవాలి.

ఊళ్లో అందరూ ఒకే మాట చెబుతున్నారు. నిజమని రాసేయొచ్చా?

కొండపల్లి బొమ్మలు చేసేవాళ్ల పూర్వీకులు రాజస్థాన్ ప్రాంతం నుంచి వచ్చారని అక్కడ చెప్పుకుంటారు. అది వాళ్ల జ్ఞాపకం. దాన్ని వ్యాఖ్యానంలో మీ గొంతుతో చెబితే చరిత్ర అని మీరు సాక్ష్యం పలికినట్టు అవుతుంది. బొమ్మలు చేసే పెద్దాయన నోటితోనే చెప్పించండి, లేదా "అని వీళ్లు చెప్పుకుంటారు" అని రాయండి. మాట విలువ తగ్గదు, మీ మీద నమ్మకం పెరుగుతుంది.

వ్యాఖ్యానంలో మీరు చెప్పే ప్రతి తేదీకీ, ప్రతి అంకెకూ ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు ఉండాలి. రెండు వెబ్‌సైట్లలో అక్షరం పొల్లుపోకుండా ఒకే వాక్యం కనిపిస్తే అవి రెండు కావు, ఒక్కటే. స్క్రిప్టు పక్కన ఒక పట్టిక పెట్టుకోండి: వాక్యం, ఎక్కడ దొరికింది, ఎప్పుడు చూశాం. ప్రభుత్వ లెక్కలు కావాలంటే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయొచ్చు. జవాబుకి 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి సెమిస్టర్ మొదట్లోనే పంపాలి. షూటింగ్ అయ్యాక పంపితే లెక్కలు వచ్చేసరికి మార్కులు వేసేస్తారు.

పాత ఫొటోలు, సినిమా పాటలు వాడుకోవచ్చా? కాలేజీ ప్రాజెక్టే కదా.

తరగతిలో చూపించడం వేరు, యూట్యూబ్‌లోనూ ఫిల్మ్ ఫెస్టివల్‌కీ పెట్టడం వేరు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోకి తీసినవాళ్లు చనిపోయిన మరుసటి ఏడాది నుంచి, సౌండ్ రికార్డింగ్‌కి ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. పాటలో సాహిత్యానికి ఒక హక్కు, బాణీకి ఒకటి, రికార్డింగ్‌కి మరొకటి. ఇవన్నీ తెచ్చుకోవడం విద్యార్థికి అయ్యే పని కాదు. అక్కడి ఉలి చప్పుడు, పిల్లల కేకలు, రేడియో లేని నిశ్శబ్దం బాగా రికార్డు చేసుకుంటే పాట లేని లోటు తెలియదు. కుటుంబ ఫొటోలు వాడితే ఇచ్చినవాళ్ల అనుమతి కాగితం మీద తీసుకోండి.

## షూటింగ్‌కు ముందు రాసేటప్పుడు

ఇంకా జరగనిదాన్ని ముందే ఎలా రాయాలి? మా సార్ పూర్తి స్క్రిప్టు అడుగుతున్నారు.

డాక్యుమెంటరీ స్క్రిప్టు మూడుసార్లు రాస్తాం: షూటింగ్‌కి ముందు ఊహతో, షూటింగ్ జరిగే రోజుల్లో మార్పులతో, ఫుటేజ్ చూశాక ఖాయంగా. ముందు ఇవ్వగలిగింది ఇది: ఒక వాక్యంలో కథ, నూట యాభై మాటల్లో సినాప్సిస్ (కథ సారాంశం), రెండు పేజీల ట్రీట్‌మెంట్ (తెరమీద వరసగా కనిపించేది, వినిపించేది మాటల్లో), సీక్వెన్సుల వరస, ఇంటర్వ్యూ ప్రశ్నలు. మీ సార్ అడిగేది సాధారణంగా ఇదే. అడిగి ఖాయం చేసుకోండి.

నిజమైన మనిషి చెప్పబోయే జవాబు మాత్రం ముందే రాయకండి. రాస్తే తెలియకుండానే ఆ జవాబు వచ్చేదాకా అడుగుతూ ఉంటారు. చివరికి ఆ మనిషి మీకోసం అప్పజెబుతాడు. చూపు పైకి వెళ్లి మాట కోసం వెతుక్కుంటుంటే అది తెరమీద ఇట్టే తెలిసిపోతుంది. జవాబు ఉండాల్సిన చోట "కర్ర దొరకడం గురించి ఆయన చెబుతారు" అని రాసి వదిలేయండి.

ట్రీట్‌మెంట్ రాస్తే వ్యాసంలా ఉందంటున్నారు. ఎలా సరిచేయాలి?

చాలామంది ఇలా మొదలుపెడతారు:

*"మన సంస్కృతికి అద్దం పట్టే కొండపల్లి బొమ్మలు ఎంతో ప్రాచీనమైనవి. నేడు ఈ కళ అంతరించిపోయే దశలో ఉంది."*

ఇందులో కెమెరా పెట్టడానికి చోటెక్కడుంది? సంస్కృతిని తీయలేం, అంతరించడాన్నీ తీయలేం. దీన్నే ఇలా రాయొచ్చు:

*"పొద్దున్నే వరండా. ఉలి చప్పుడు. గుప్పిట్లో పట్టే కర్రముక్క మీద నాలుగు దెబ్బలు పడగానే ఏనుగు వీపు తేలుతుంది. తొండం ఇంకా లేదు, పక్కన చేటలో మరో పది తొండాలతో కలిసి ఉంది. ఆమె వేలికొసతో మక్కు తీసి తొండం అతికిస్తుంది. ఊదుతుంది. మరో ఏనుగు అందుకుంటుంది. చేటలో తొండాలు పది. వెనకాల గోడకు ఆనించిన కర్రదుంగలు రెండే."*

చివరి వాక్యం చూడండి. కర్ర కొరత గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు, కానీ తెలిసిపోయింది. వర్తమానంలో రాయండి, చిన్న వాక్యాలు రాయండి. ప్రతి వాక్యాన్నీ "ఇది కనిపిస్తుందా? వినిపిస్తుందా?" అని అడగండి. రెండింటికీ కాదని వస్తే కొట్టేయండి. అయితే ఇదంతా మీరు వెళ్లి చూసి రాసుకున్న నోట్సులోంచే రావాలి. చూడనిది ఊహించి అలంకరిస్తే షూటింగ్ రోజు ఆ వరండాయే ఉండదు.

రెండు కాలమ్‌ల స్క్రిప్టు ఎలా ఉంటుంది?

ఎడమవైపు కనిపించేది, కుడివైపు వినిపించేది. సమయానికి ఒక చిన్న కాలమ్ పెట్టుకుంటే ఎడిటర్‌కి సుఖం. ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, గూగుల్ డాక్స్‌లో పట్టిక గీసుకుంటే చాలు.

| సమయం | కనిపించేది | వినిపించేది |
|---|---|---|
| 0:00–0:20 | క్లోజప్: ఉలి, రాలుతున్న కర్ర పొట్టు. ముఖం కనిపించదు. | ఉలి చప్పుడు మాత్రమే. |
| 0:20–0:45 | చేటలో ఏనుగు తొండాలు. అతికిస్తున్న వేళ్లు. | ఉలి చప్పుడు తగ్గుతుంది. బైట్ (ఇంటర్వ్యూలోంచి తీసుకున్న మాటల ముక్క), ఆమె గొంతు: మక్కు ఎలా కలుపుతారో. |
| 0:45–1:00 | వైడ్: వరండా, వెనక కోట ఉన్న కొండ. పేరు పట్టీ. | వీధి చప్పుళ్లు. వ్యాఖ్యానం లేదు. |
| 1:00–1:25 | గోడకు ఆనించిన రెండు దుంగలు. ఆమె ఒకదాన్ని తిప్పి చూసి మళ్లీ పెట్టేస్తుంది. | వ్యాఖ్యానం: "సంక్రాంతికి ఇంకా ఆరు వారాలు. ఈ కర్ర రెండు వారాలకు సరిపోతుంది." |

ఎక్కువగా జరిగే తప్పు కుడి కాలమ్ నిండుగా, ఎడమ కాలమ్‌లో "సంబంధిత విజువల్స్" అని ఉండటం. సంబంధిత విజువల్స్ అంటే ఏమీ అనుకోలేదని అర్థం. ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఆ ఖాళీలన్నీ కొండ మీద సూర్యాస్తమయాలతో నిండిపోతాయి.

ఇంటర్వ్యూలో "ఎలా ఫీలవుతున్నారు?" అని అడిగితే "బాగుందండీ" అంటున్నారు. ఎలా అడగాలి?

జరిగిన పని గురించి, జరిగిన రోజు గురించి అడగండి. "కర్ర కొరత ఉందా?" అంటే "ఉందండీ" అని ఆగిపోతారు. "పోయినసారి కర్ర ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు? ఆ రోజు పొద్దున్నించీ ఏం జరిగిందో చెప్పండి" అంటే కథ వస్తుంది. పది పన్నెండు ప్రశ్నలు రాసుకోండి, కాగితం చూసి చదవకండి. మీ గొంతు ఫిల్మ్‌లో ఉండదు కాబట్టి జవాబు విడిగా విన్నా అర్థమయ్యేలా పూర్తి వాక్యంలో చెప్పమని ముందే వినయంగా అడగండి. జవాబు అయ్యాక అయిదు సెకన్లు ఊరుకోండి. మంచి మాటలు చాలాసార్లు ఆ ఖాళీలోనే వస్తాయి. చివరగా "నేను అడగనిది ఇంకేమైనా ఉందా?" అని తప్పకుండా అడగండి. లేచే ముందు అందరూ మౌనంగా ఉండి ఆ గది చప్పుడు ముప్పై సెకన్లు రికార్డు చేసుకోండి, బైట్లు అతికేటప్పుడు అదే మీ మక్కు.

## షూటింగ్ జరిగే రోజుల్లో

అనుకున్నదేదీ జరగలేదు. స్క్రిప్టు వృథా అయినట్టేనా?

కాలేదు. రోజూ సాయంత్రం అరగంట కూర్చుని మూడు జాబితాలు రాయండి: దొరికినవి, దొరకనివి, అనుకోకుండా దొరికినవి. మూడోది పెద్దదైతే కథ అటు తిప్పాలేమో ఆలోచించండి. చెక్కడం తీయడానికి వెళ్తే ఆ రోజు ఒక కొనుగోలుదారు వచ్చి బేరమాడి వెళ్లిపోయాడనుకోండి, ఆ బేరం మీ ఆరేడు సీక్వెన్సుల్లో ముఖ్యమైనది కావచ్చు. మర్నాటి జాబితా ఆ రాత్రే మార్చి అందరికీ పంపండి.

పని మళ్లీ చేయించి తీయొచ్చా? అది మోసం కాదా?

రోజూ చేసే పనిని మరో కోణంలో తీయడానికి ఇంకోసారి చేయమనడంలో తప్పులేదు. జరగని సంఘటన జరిగినట్టు, రాని కన్నీళ్లు వచ్చినట్టు చేయించడం తప్పు. పాత సంఘటనను నటింపజేసి చూపిస్తే తెరమీద ఆ మాట రాయాలి.

అంగీకార పత్రం నిజంగా అవసరమా? మాటిచ్చారు కదా.

అవసరమే. ఒక పేజీ, తెలుగులో, ఎక్కడెక్కడ చూపిస్తారో స్పష్టంగా ఉండాలి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. లైంగిక దాడి బాధితుల గుర్తింపు, చట్టంతో తగాదాలో ఉన్న (అంటే నేరం చేశారన్న ఆరోపణ ఉన్న) పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని చట్టమే చెబుతోంది. ముఖం మసక చేసి వీధి పేరు చెప్పేస్తే గుర్తింపు బయటపెట్టినట్టే.

చట్టం అడగనివీ కొన్ని ఉంటాయి. ఇంటర్వ్యూ వేడిలో ఎవరైనా తమ అప్పు గురించి, అప్పిచ్చినవాళ్ల గురించి పేర్లతో చెప్పేస్తారు. మీరు వెళ్లిపోయాక ఆ ఊళ్లో ఉండాల్సింది వాళ్లు. స్క్రిప్టులోకి ఆ మాట తీసుకునే ముందు మళ్లీ అడగండి.

## షూటింగ్ అయిపోయాక

ఎనిమిది గంటల ఫుటేజ్ ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరవకండి, ముందు కాగితం. ఇంటర్వ్యూలన్నీ మాట మాటగా రాయండి, అర నిమిషానికోసారి టైమ్‌కోడ్ (ఆ మాట ఫుటేజ్‌లో ఎన్నో నిమిషం, ఎన్నో సెకను దగ్గర ఉందో) వేయండి. గంట ఇంటర్వ్యూకి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. బృందంలో పంచుకోండి. వాయిస్ టైపింగ్ వాడినా సరే, "మక్కు", "పొణికి" లాంటి వృత్తి పదాలను అది తప్పుగా రాస్తుంది కాబట్టి విని సరిచూడాలి.

తర్వాత ప్రింటు తీసి, బాగున్న బైట్లను గీతగీసి, కత్తిరించి చీటీలు చేయండి. విజువల్ సీక్వెన్సులకు మరో రంగు చీటీలు. నేలమీద పరిచి వరస మార్చి మార్చి చూడండి. దీన్నే పేపర్ ఎడిట్ అంటారు. పది నిమిషాల ఫిల్మ్‌కి నాలుగైదు నిమిషాల బైట్లు చాలు. రెండు నిమిషాలు వ్యాఖ్యానం అనుకుంటే మిగిలిన మూడు నాలుగు నిమిషాలూ ఊపిరి పీల్చుకోవాలి, అంటే పని, చప్పుడు, ముఖాలు. గంటన్నర నేలమీద కూర్చుంటే కంప్యూటర్ ముందు మూడు రోజులు మిగులుతాయి.

బైటు కత్తిరిస్తే మాట మారిపోదా?

మారొచ్చు. "ప్రభుత్వం ఏమీ చేయలేదు అనను, కానీ ఆలస్యంగా చేసింది" అన్న మాటలో మొదటి మూడు మాటలే ఉంచితే అది అబద్ధం. కత్తిరించిన ప్రతి బైటునూ, ఆ మనిషి పక్కన కూర్చుని చూస్తే ఒప్పుకుంటారా అని అడిగి చూడండి.

వ్యాఖ్యానం ఎంత రాయాలి? నిమిషానికి ఎన్ని మాటలు పడతాయి?

తెలుగు మాటలు పొడుగు. నింపాదిగా చదివితే నిమిషానికి సుమారు తొంభై, నూరు మాటలు పడతాయి. ఇంగ్లిష్ పుస్తకాల్లో ఉండే నూట నలభై లెక్క పట్టుకుంటే చదివేవాళ్లు ఊపిరాడక పరిగెత్తాల్సి వస్తుంది. రాసినదాన్ని ఫోన్‌లో పైకి చదివి రికార్డు చేసి గడియారం చూసుకోండి. అంతకన్నా నమ్మకమైన లెక్క లేదు.

వ్యాఖ్యానం అన్నిటికన్నా చివర రాయాలి. బైటూ విజువలూ చెప్పలేని ఖాళీలో మాత్రమే దానికి చోటు. తెరమీద ఆమె రంగు వేస్తుంటే "ఆమె బొమ్మకు రంగు వేస్తోంది" అని చెప్పడం చూసేవాళ్లను తక్కువ చేయడం. "ఈ ఏనుగు ఎల్లుండి విజయవాడ షాపులో ఉండాలి" అంటే దృశ్యంలో లేనిది చెప్పారు.

ఏ తెలుగులో రాయాలి? మాండలికం ఉంచాలా?

చెవికి రాయండి. "చేయబడుతుంది", "తయారు కాబడిన" తీసేసి "చేస్తారు", "చేసిన" అనండి. ఒక వాక్యంలో ఒక సంగతే చెప్పండి. అంకెలను చదివేవాళ్లు తడబడకుండా అక్షరాల్లో రాసివ్వండి. వయసులో పెద్దవాళ్ల గురించి వ్యాఖ్యానంలో "చెక్కుతాడు" అనకండి, "చెక్కుతారు" అనండి.

మాట్లాడినవాళ్ల మాండలికం మాత్రం ముట్టుకోకండి. ఉత్తరాంధ్ర అయినా, రాయలసీమ అయినా, తెలంగాణ అయినా ట్రాన్స్‌క్రిప్టులో వాళ్లు అన్నట్టే రాయాలి. యాస ఉందన్న కారణంతో తెలుగు మాటకి తెలుగు సబ్‌టైటిల్ వేయడం ఆ మనిషిని పరాయి చేసినట్టుంటుంది. చప్పుడు వల్ల మాట సరిగా వినిపించనప్పుడు వేయండి.

ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు ఎలా రాయాలి?

రెండు లైన్లకు మించకుండా, ఒక్కో లైను నలభై అక్షరాల లోపు, తెరమీద కనీసం ఒక సెకను, ఎక్కువలో ఎక్కువ ఆరు సెకన్లు. మక్కు, బొమ్మల కొలువు లాంటి మాటలు అలాగే ఉంచి మొదటిసారి వచ్చినప్పుడు దృశ్యంతోనే అర్థం తెలిసేలా చూడండి.

చివర్లో సందేశం ఉండాలా?

"ఈ కళను కాపాడుకోవడం మన బాధ్యత" అని ముగిస్తే అంతకుముందు తొమ్మిదిన్నర నిమిషాలు చూపించినదాని మీద మీకే నమ్మకం లేనట్టుంటుంది. ఎవరు ఏం చేయాలో అడగాలనుంటే ఆ ప్రశ్న ఫిల్మ్ మధ్యలో, అడగాల్సిన అధికారినే అడగండి. చివరికి ఒక పని, ఒక చప్పుడు చాలు.

సమర్పించేటప్పుడు ఏమేమి ఇవ్వాలి?

షూటింగ్‌కి ముందు రాసిన ట్రీట్‌మెంట్, పూర్తయిన ఫిల్మ్‌తో టైమ్‌కోడ్ సహా సరిపోయే చివరి స్క్రిప్టు, ఆధారాల పట్టిక, అంగీకార పత్రాలు. ట్రీట్‌మెంట్‌కీ చివరి స్క్రిప్టుకీ తేడా ఉందని దాచకండి. ఎందుకు మారిందో ఒక పేరా రాసివ్వండి, మీరు నేర్చుకున్నది అందులోనే కనిపిస్తుంది. ఫైలు యూనికోడ్ తెలుగులో టైపు చేసి పీడీఎఫ్‌గా మార్చండి. పాత ఫాంట్లలో టైపు చేసినది వేరే కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల గజిబిజిగా కనిపిస్తుంది. పంపేముందు మరొకరి ఫోన్‌లో తెరిచి ఒత్తులు విడిపోకుండా వచ్చాయో లేదో చూసుకోండి.